భుజం మీద మూడు మాటలు

“తీసుకున్నారే అమ్మాయ్! పదకొండు బళ్ళలో మనదీ ఒకటి!” అని బంగారరాజుగారు ఫోన్లో కేకేసినప్పుడు నా నోట్లో సగం పూతరేకు ఉంది, మిగతా సగం చేతిలో ఉంది, ఆయ్ అనబోతే బెల్లప్పొడి రాలి కొత్త చీర కుచ్చిళ్ళలోకి దూరింది, బెన్నీ దాన్ని దులపబోయి, వంటింటి గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉండడం చూసి, చెయ్యి గాల్లోనే ఆపేసి మెల్లిగా జేబులో పెట్టుకున్నాడు. పెళ్ళయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఈ ఇరవై రెండు రోజులుగా నాకు ఇలాంటివి చాలు, గాల్లో ఆగిపోయిన చెయ్యి, కొత్తపేటలో అత్తారింట్లో ఒకే తీగ మీద పక్కపక్కన ఆరే రెండు తువాళ్ళు, బస్సులో కండక్టరు “ఇద్దరా?” అని అడిగితే “ఇద్దరం” అని చెప్పడం, రోజంతా సరిపోయేంత సంతోషం. బంగారరాజుగారు అల్లవరంలో రొయ్యల చెరువుల ఆసామి. ఏ కబురైనా ఆయన నాకే ఫోను చేస్తారు, మా నాన్నకి చెయ్యరు. సాలమోను మేస్త్రీ చేతులెప్పుడూ నూనెలో ఉంటాయి, ఫోను ఎత్తడు అని రాజోలు చుట్టుపక్కల అందరికీ తెలుసు. “రేపు పొద్దున్నే ఓడలరేవు ఇసుకలో! హైదరాబాదు నుంచి, వైజాగు నుంచి వస్తున్నారు పాత మోటారు సైకిళ్ళ వాళ్ళు. ఇవాళ సాయంత్రం ఆరింటికి వ్యాను తెస్తున్నా, మీ నాన్నని ట్యూనింగు పూర్తి చేసెయ్యమను. మీ ఆయన్ని రాత్రికి పెందరాళే పడుకోమను, తోలాల్సింది ఆయనే!” అని ఆయన పెట్టేశారు. నేను బెన్నీ వైపు చూశాను. బెన్నీ అప్పటికే ఇసుకలో ఉన్నాడు, కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. మస్కట్లో నాలుగేళ్ళు పనిచేసినప్పుడు శుక్రవారం శుక్రవారం ఇసుక దిబ్బల మీద ఇలాంటి బండే తోలేవాడట. ఇప్పుడు ఇళ్ళ కప్పుల మీద సోలారు పలకలు బిగిస్తాడు, ఎత్తు మీద ఉండడం అలవాటైపోయిందని అంటాడు.

ఇప్పుడు అయిదు దాటింది. షెడ్డులో నాన్న బండి పక్కన గొంతుకూర్చుని కార్బురేటరు మీదకి వంగి ఉన్నాడు, ఆయన వెనక చిన్న పీట మీద నేను, నా ఎడమ చెయ్యి ఆయన ఎడమ భుజం మీద. బెన్నీ బండెక్కి కూర్చున్నాడు. పసుపు ట్యాంకు, బురదకి అందకుండా ఎత్తుగా బిగించిన మడ్‌గార్డు, నలభై అయిదేళ్ళ కిందటి జపాను బండి, బంగారరాజుగారి బావమరిది ఎప్పుడో మస్కట్ నుంచి ఫ్రిజ్జుతో పాటు పెట్టెలో వేసి పంపించింది, ఇరవై ఏళ్ళు రొయ్యల మేత బస్తాల కింద పడుంది. నాన్న మూడేళ్ళు పట్టి దాన్ని మళ్ళీ బండిని చేశాడు. కిక్కు కొట్టే ముందు నాన్న కళ్ళు మూసుకున్నాడు, ఎప్పుడూ మూసుకుంటాడు, పెదవులు కదలవు, బహుశా పేర్లేవీ చెప్పకుండా ఊరికే ప్రార్థిస్తాడు. తర్వాత వేలు పైకెత్తాడు. బెన్నీ కిక్కు కొట్టాడు, ఒకటి, రెండు, మూడోసారికి నీలంపొగ కక్కి ఇంజను అందుకుంది, షెడ్డు రేకులు గజగజలాడాయి, పెరట్లో అమ్మ పెంచే కోళ్ళన్నీ ఒక్కసారి కొబ్బరి డొక్కల గుట్ట వెనక్కి పరుగెత్తాయి. కాలిన నూనె వాసన. ఈ వాసనలోనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను, డిగ్రీలో ఫిజిక్సు నేర్చుకున్నాను, అమలాపురం బస్సెక్కితే పక్క అమ్మాయి ముక్కు అటు తిప్పుకునేది. బెన్నీ ముక్కు తిప్పుకోలేదు. పెళ్ళిచూపుల్లో మొదట అడిగింది, మీ జడలో బళ్ళకి పోసే టూటీ ఆయిలు వాసన వస్తోంది, నిజమా నా భ్రమా అని. నేను నిజమే అన్నాను. అప్పుడే ఒప్పేసుకున్నాను, పైకి చెప్పడానికి వారం తీసుకున్నాను.

కార్బురేటరంటే ఏమీ లేదు, గాలినీ పెట్రోలునీ కలిపే చిన్న గిన్నె, పక్కన ఒక మర. మర లోపలికి తిప్పితే గాలి తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. పెట్రోలు ఎక్కువైతే బండి గొంతులో కఫం పట్టినట్టు బొంగురుపోతుంది, నల్లగా దగ్గుతుంది, అంతే, ఎవరికీ ఏమీ కాదు. గాలి ఎక్కువైతే గొంతు సన్నగా చురుగ్గా లేస్తుంది, తెలియనివాళ్ళకి వినడానికి హాయిగా ఉంటుంది, భయం అక్కడే ఉంది. ఈ రకం ఇంజనుకి నూనె పెట్రోలులోనే కలిసి లోపలికి వెళ్ళాలి. పెట్రోలు తగ్గితే నూనె తగ్గుతుంది, నూనె తగ్గితే లోపల ఇనుము కాగిపోయి పట్టేస్తుంది, మంచి వేగంలో ఉండగా వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, తోలేవాడు ముందుకి ఎగిరిపోతాడు. ఇదంతా చెవితో పట్టుకోవాలి. మా నాన్న చెవులకి ఇది వినబడక పన్నెండేళ్ళయింది.

ఈ మాట ఇలా ఇంత తిన్నగా నేను లోపల కూడా ఎప్పుడూ అనుకోలేదు. మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. తొమ్మిదో తరగతిలో ఉన్నాను, ఆదివారం గుడి నుంచి వచ్చి ఇంకా గౌను మార్చుకోలేదు, ఎవరిదో స్కూటరు మూడోసారి తిరిగొచ్చింది, ఆయన నవ్వుతూనే అన్నారు, ఏం మేస్త్రీ, ఈసారైనా కుదురుతుందా అని. నాన్న దాని ముందు కూర్చుని మర అటూ ఇటూ తిప్పుతూ, తిప్పుతూ, చెమట పట్టిన మొహంతో నన్ను చూశాడు. దగ్గరికి రమ్మన్నాడు. నా చెయ్యి తీసుకుని తన భుజం మీద పెట్టుకున్నాడు. “ఎలా ఉందో చెప్పమ్మడూ,” అన్నాడు. దగ్గుతోంది నాన్నా అన్నాను. వినలేదు. మళ్ళీ అన్నాను. వినలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఎలా అర్థమైందో ఇప్పటికీ తెలియదు, బొటనవేలితో ఆయన భుజం ఎముక మీద నొక్కాను. ఆయన మర తిప్పాడు. మరీ తిప్పేశాడు, సన్నబడింది, ఈసారి నాలుగువేళ్ళతో నొక్కాను. వెనక్కి తిప్పాడు. కుదిరింది, అరచెయ్యి కదలకుండా ఉంచాను. అంతే, మా భాష పుట్టేసింది, మూడు మాటల భాష. బొటనవేలు అంటే పెట్రోలు ఎక్కువ. నాలుగువేళ్ళంటే గాలి ఎక్కువ. కదలని అరచెయ్యి అంటే చాలు. చూసేవాళ్ళకి మాత్రం నాన్నంటే ప్రాణంగా ఉండే కూతురు, ఆ షెడ్డు మసిలో, చదువుకునే పిల్ల, ఎంత ప్రేమో అనుకునేవారు. అది అబద్ధమూ కాదు. పెళ్ళి ఫోటోల్లో కూడా నా చెయ్యి అక్కడే ఉంది, ఫోటోలు తీసే అతను, అమ్మా, ఆ చెయ్యి అలాగే ఉంచండి, చాలా బాగుంది అన్నాడు. గుడిలో పాస్టరుగారు తల దించుకుని పుస్తకంలో చూస్తూ, ఈ అమ్మాయిని అప్పగిస్తున్నది ఎవరు అని అడిగినప్పుడు నాన్న పెదవులు చూడలేకపోయాడు, అలాగే నిలబడ్డాడు, గుడి అంతా ఎదురుచూస్తోంది, నేను ముసుగు కింద నుంచి చెయ్యి జాపి ఆయన భుజం నొక్కాను. “నేనేనండి,” అన్నాడు, అవసరమైన దానికంటే చాలా గట్టిగా. అందరూ తండ్రి గుండె కదిలిపోయిందనుకున్నారు. మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. తండ్రి నన్ను ఇంకొకరికి అప్పగించడానికి కూడా నా చెయ్యే కావలసి వచ్చిందని ఆ రాత్రి అనుకున్నాను, అనుకుని, పక్కన బెన్నీ నిద్రలో నా గాజులు లెక్కపెడుతున్నట్టు వేళ్ళు ఆడిస్తుంటే, మర్చిపోయాను. సంతోషం అలాంటిది, దేన్నైనా కాసేపు మరిపిస్తుంది.

నాన్న వేలెత్తాడు, బెన్నీ రైజ్ చేశాడు, వదిలాడు. ఇంజను గొంతు పైకి లేచింది, దిగాలి, వెంటనే దిగాలి, మెట్లు దిగినట్టు డబడబా దిగి తన చోటుకి వచ్చి కూర్చోవాలి. దిగలేదు. పైనే వేలాడింది, ఒక క్షణం, ఇంకో క్షణం, అప్పుడు అయిష్టంగా దిగింది. నాలుగువేళ్ళు. నాన్న మర లోపలికి తిప్పాడు, పావు చుట్టు. మళ్ళీ వేలు, మళ్ళీ రైజు, మళ్ళీ వేలాడింది. నాలుగువేళ్ళు. ఇంకో పావు. గుమ్మంలో వెలుతురు మూసుకుంది, బంగారరాజుగారు వచ్చేశారు, అనుకున్న దానికంటే ముందే, తెల్లచొక్కా, చేతిలో ఇంకో పూతరేకుల డబ్బా, ఆత్రేయపురం నుంచి ఎవరో తెచ్చి ఇస్తే సగం మాకు పంచుతున్నారు, పాపం ఈ మధ్య వారానికోసారి ఏదో ఒకటి. ఆయన నన్ను చూసి ఇంజను మోతకి పైన అరిచారు, “పెళ్ళయ్యేక కూడా ఈ పిల్ల నాన్న భుజం వదల్లేదండీ! ఏం అల్లుడుగారూ, మీకు కుళ్ళుగా లేదా?”

“వరసలో నిలబడ్డానండి,” అని బెన్నీ కూడా అరిచాడు. “నా వంతు వస్తుంది కదండీ!”

నాకు నవ్వొచ్చింది, నవ్వులో చెయ్యి కదిలింది, నాన్న దాన్ని మాట అనుకుని మర ఇంకో పావు తిప్పేశాడు, అయ్యో, అది మాట కాదు నాన్నా, ఊరికే నవ్వు. ఇరవై రెండు రోజుల్లోనే నా చేతికి వేరే భాషలు వచ్చేశాయి, చెయ్యి ఇప్పుడు అన్నిటికీ కదులుతుంది. అరచెయ్యి ఆనించాను, ఆగు అని. మళ్ళీ రైజు. వేలాడింది, ముందులాగే. ఒక్క పిసరు కూడా మారలేదు. ఒకటిన్నర చుట్టు దగ్గర మొదలుపెట్టాడు. ముప్పావు తగ్గించాడు. ముప్పావు చుట్టు గాలి తగ్గితే గొంతు బొంగురుపోవాలి, ఈపాటికి దగ్గుతూ ఉండాలి. మారలేదంటే ఈ గాలి మర దగ్గర నుంచి రావడం లేదు. ఇంకెక్కడి నుంచో దొంగతనంగా వస్తోంది. నాలుగువేళ్ళు నొక్కాను, గట్టిగా. నాన్న తల తిప్పకుండానే భుజం విదిలించాడు, అంటే ఇంక చాల్లే అని. ఆయన ఎడమ అరచెయ్యి ఇంజను పక్కన ఆనించి ఉంది, ఆ చేతికి అంతా బాగానే ఉన్నట్టుంది. ఆయన చెయ్యి అలా అంటోంది, నా చెవి ఇలా అంటోంది. పెళ్ళయ్యాక పిల్ల ధ్యాస ఎక్కడో ఉంది అనుకుంటున్నాడు. నిజంగా నా ధ్యాస ఎక్కడో ఉందేమో, మధ్యాహ్నం నుంచి నాకు గాలిలో కూడా పాటలే వినబడుతున్నాయి కదా, నా చెవే పాడైందేమో.

కానీ సూర్యనారాయణగారు. ఆ పేరు ఇప్పుడు ఎందుకు వచ్చింది, రావద్దు అనుకున్నా వచ్చేసింది. డిగ్రీ రెండో ఏడు, నాకు పరీక్షలు, నాన్న ఒక్కడే ఆయన బండి ట్యూనింగు చేశాడు, నేను సాయంత్రం వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. మూడో రోజు పొద్దున్న కాలవగట్టు మీద ఇంజను పట్టేసింది. భుజం ఎముక విరిగింది, ఇంకేం కాలేదు, దేవుడి దయ అన్నారందరూ, ఆయన కూడా మేస్త్రీని ఒక్క మాట అనలేదు, పాత బండి కదండీ, దాని ఆయుష్షు తీరిపోయింది అన్నారు. నాన్న ఆయన మంచం పక్కన రెండు గంటలు కూర్చుని వచ్చాడు. వచ్చి నాతో ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను లేకుండా ఏ బండికీ మర తిప్పలేదు, నేను కాలేజీ నుంచి వచ్చేదాకా బళ్ళు నిలబెట్టి ఉంచేవాడు, ఆలస్యం చేస్తాడని పేరు కూడా తెచ్చుకున్నాడు. నోరు విప్పితే ఒక మనిషి అన్నం పోతుంది, విప్పకపోతే ఇంకో మనిషి భుజం పోతుంది, ఈ రెండిటి మధ్య నేను ఇన్నాళ్ళూ చెయ్యి వేసి కూర్చున్నాను. రేపు ఆ ఇసుకలో, సముద్రపు ఒడ్డున, నిండు రైజులో, ఎగిరేది బెన్నీ. నా గాజులు లెక్కపెట్టే ఆ వేళ్ళు. ఆ మెడ, ఆ మెడ మీద కుడిపక్కన చిన్న పుట్టుమచ్చ, అది నాకు తెలిసి ఇరవై రెండు రోజులే అయింది.

నాన్నా, గాలి ఇంకెక్కడి నుంచో లాగుతోంది. ఈ మాట నా చేతికి రాదు. మూడు మాటలే ఉన్నాయి మాకు, మూడూ మర గురించే, నాలుగో మాట ఎప్పుడూ అవసరం కాలేదు. వేళ్ళు ఆయన చొక్కా మీద వెతుకుతున్నాయి, బొటనవేలు, కాదు, నాలుగువేళ్ళు, కాదు, ఆయన విసుగ్గా మళ్ళీ విదిలించాడు. వేలెత్తాడు. బెన్నీ రైజ్ చేశాడు, వదిలాడు, గొంతు పైనే వేలాడింది, నాన్న సంతోషంగా తల ఊపాడు, చాలు, అయిపోయింది అన్నట్టు, స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు.

“నాన్నా!” అన్నాను. “నాన్నా!” బంగారరాజుగారు డబ్బా మూత తీస్తున్నవారు తలెత్తారు. “నాన్నా, గాలి లాగుతోంది! ఇంకోచోట నుంచి లాగుతోంది!” నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఈ షెడ్డులో ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ అరవలేదు, అరవనక్కర్లేదు కదా. బెన్నీ కంగారుపడి ఇంజను ఆపేశాడు. మోత ఒక్కసారిగా పోయింది, ఆ నిశ్శబ్దంలో నా చివరి కేక అలాగే మిగిలిపోయింది, “నాన్నా!” అని, ఎంత గట్టిగా అంటే కోళ్ళు మళ్ళీ పరుగెత్తాయి. నాన్నకీ నాకూ మధ్య జానెడు దూరం. నాన్న తిరగలేదు. ఆయన తల వంచి, చెయ్యి కింద అదురు ఎందుకు ఆగిందా అని ఇంజనునే చూస్తున్నాడు. తర్వాత తలెత్తి బెన్నీతో, “ఎందుకాపేరు బాబూ?” అన్నాడు మామూలుగా.

కిందటేడు ఈ మాత్రం కేకకి తిరిగేవాడు. అది కూడా పోయింది. నేను గాజుల చప్పుడు వింటూ తిరుగుతున్న రోజుల్లో పోయిందా, అంతకుముందే పోయిందా, నాకు తెలియదు, నాకు కూడా తెలియకుండా దాచాడు. బెన్నీ ఆయన్ని చూస్తున్నాడు, నన్ను చూస్తున్నాడు, మెల్లిగా, చాలా మెల్లిగా, మొహంలో ఏదో ముడి విడుతోంది. బండి దిగి నా పక్కకి వచ్చి, “మూడు వారాలుగా వెనక నుంచి పిలుస్తున్నాను మావయ్యగారిని, పలకట్లేదు. నేనంటే ఇష్టం లేదనుకున్నాను కరుణా,” అన్నాడు. అనుకుని కూడా నాతో ఒక్కసారీ చెప్పలేదు. నా సంతోషం చెడిపోతుందని కాబోలు. నేను సంతోషంగా ఉండడానికి ఎంతమంది ఎన్ని దాచుకున్నారు.

బంగారరాజుగారు ఏదో అనబోయారు, “ఏం మేస్త్రీ, పిల్ల అంతలా గొంతు చించుకుంటుంటే...” అని, ఆగిపోయారు. నాన్న ముగ్గురి మొహాలూ చూశాడు. నేను ఆయన ముందుకి వెళ్ళి, పెదవులు కనబడేలా, నెమ్మదిగా చెప్పాను, కార్బురేటరు ఇంజనుకి కలిసే చోట గాలి లాగుతోందని. “లాగదు,” అన్నాడు. “ఆ అతుకు మధ్య ప్యాకింగు అట్ట నేనే కోసి వేసేను. నువ్వు కొత్తపేటలో ఉన్నప్పుడే. లాగదు.” వంటింట్లోకి వెళ్ళి అంట్లు తోమే సబ్బునీళ్ళు గ్లాసులో తెచ్చాను, అమ్మ ఏమిటే అంటూనే ఉంది. బెన్నీని మళ్ళీ కిక్కు కొట్టమన్నాను. ఆ గొంతు మళ్ళీ లేచింది, సన్నగా, చురుగ్గా, హాయిగా. నేను గ్లాసులోని నీళ్ళు ఆ అతుకు మీద సన్నగా పోశాను, నురగ లోపలికి పీల్చుకుపోయింది, నీటి పొర ఆ సందుని ఒక్క క్షణం మూసింది, ఇంజను గొంతు చటుక్కున దిగింది, బరువుగా, నిదానంగా, ఎలా ఉండాలో అలా. అంతే, మళ్ళీ లేచిపోయింది. కానీ ఆ ఒక్క క్షణం బెన్నీ తల పైకెత్తాడు, బంగారరాజుగారు పూతరేకు పట్టుకున్న చెయ్యి ఆపారు, నేను ఊపిరి బిగబట్టాను. నాన్న ఆ నురగని చూడలేదు. మమ్మల్ని చూస్తున్నాడు. ముగ్గురు మనుషులు ఒకే క్షణంలో ఏదో విన్నారు, తను వినలేదు. ఆయన మొహంలో అది దిగడం నేను చూశాను, ఆ దిగడానికి ఏ చప్పుడూ లేదు. చెయ్యి చాచి తనే బండి ఆపాడు.

రెండు నట్లు విప్పడానికి నాన్నకి అర నిమిషం కూడా పట్టలేదు, చేతులు ఇంకా అంత బాగున్నాయి. మధ్యలో నుంచి ప్యాకింగు ఊడి వచ్చింది, అట్టముక్క, పెట్రోలుకి నాని మెత్తబడింది, తెల్లగా, ఒక పక్క నిగనిగలాడుతూ. ఎప్పుడూ పాత అట్టలే కోస్తాడు, నునుపు లేనివి, నూనెలో నానబెట్టి మరీ. ఇది అది కాదు. దీని మీద ఉబ్బెత్తు అక్షరాలున్నాయి, బంగారు రంగువి, సగం కత్తెరకి పోయి, మధ్యలో మరకి కన్నం పడి, మిగిలిన ముక్కలో “చి.సౌ. కరు” దాకా ఉంది. మా పెళ్ళి శుభలేఖ. ఆ ఉబ్బెత్తు అక్షరాల పక్కల నుంచే గాలి లోపలికి దారి చేసుకుంది. నేను ఆ ముక్క అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను, నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. “ఇదెందుకు వేసేవు నాన్నా?” అన్నాను ఆయన కళ్ళలోకి చూస్తూ.

“మిగిలిపోయాయమ్మా అవి,” అన్నాడు. “దిట్టమైన అట్ట. అంత పెట్టి కొట్టించినవి ఊరికే పారేస్తామా.” “బాగానే ఉందనుకున్నాను,” అన్నాడు. “చేతికి బాగానే ఉంది.”

బయట చింతలపల్లి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది, ఎవరివో పిల్లలు సైకిలు గంట మోగిస్తున్నారు, కొబ్బరాకులు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, ఇవన్నీ ఉన్నాయని నాకు ఇప్పుడే తెలిసినట్టుంది, ఒక్కొక్క చప్పుడూ విడివిడిగా, శుభ్రంగా, నాకు మాత్రమే. ఎంత ఉందో వినడానికి ఈ ఊళ్ళో. ఇరవై రెండు రోజులుగా ఎన్ని చిన్న చప్పుళ్ళకి మురిసిపోయాను, బెన్నీ తాళం చెవుల చప్పుడుకి, కుక్కరు కూతకి, తను గదిలోకి వస్తూ ఈల వేసే చప్పుడుకి. నాన్న ఇక్కడ ఈ షెడ్డులో ఒక్కడూ కూర్చుని, నిశ్శబ్దంలో, నా పేరున్న అట్ట కత్తిరిస్తున్నాడు.

బంగారరాజుగారే ముందు కదిలారు. డబ్బా మూత పెట్టి, కండువాతో చేతులు తుడుచుకుని, ఫోను తీశారు. “ఆయ్, నమస్కారమండి, బంగారరాజునండి. మన పసుపు బండి రేపు రావట్లేదండి. అబ్బే, అదేం లేదండి. ఏవో సామాన్లు రావాలండి, అవి రాలేదండి.” నాన్న ఆయన పెదవులనే చూస్తున్నాడు. గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ చూస్తున్నాడు.

“సామాన్లు కాదండీ,” అన్నాడు నాన్న, గుడిలో అన్నంత గట్టిగా. “సాలమోను చెవులు రాలేదని చెప్పండి.”

బంగారరాజుగారు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అలాగే నిలబడిపోయారు. అటువైపు ఎవరో హలో హలో అంటున్నారు. ఆయన కట్ చేసి, “ఎన్నాళ్ళ నుంచి?” అన్నారు. మామూలుగా అన్నారు, నాన్నకి అందలేదు, అప్పుడు ఆయన ఒక అడుగు ముందుకి వచ్చి, మొహం ఎదురుగా పెట్టి, నోరు పెద్దగా తెరిచి మళ్ళీ అడిగారు. ఆ ఒక్క అడుగు చూసి నాకు ఏడుపొచ్చింది.

“పన్నెండేళ్ళండి,” అన్నాడు నాన్న. “మీ బళ్ళన్నీ ఈ పిల్ల వింది. నేను తిప్పేను.”

“నా బళ్ళు నాలుగు కదయ్యా ఇక్కడ పెరిగేయి,” అన్నారు బంగారరాజుగారు. “ఒక్క ముక్క నాకు చెప్పకూడదా? నేనేమైనా పరాయివాణ్ణా?” సమాధానం కోసం ఆగలేదు, గుమ్మందాకా వెళ్ళి, “రేపటిది పోతే పోయింది, బండెక్కడికి పోతుంది,” అని ఎవరితోనూ కాకుండా అని, వెళ్ళిపోయారు. వ్యాను ఖాళీగా తిరిగిపోయిన చప్పుడు. ఆయన మళ్ళీ బండి ఇస్తారో లేదో, ఆయన చెప్పాక అల్లవరంలో ఇంకెవరైనా ఇస్తారో లేదో నాకు తెలియదు. నాన్నకీ తెలియదు. అయినా ఆయన భుజాలు ఎందుకో కిందకి దిగినట్టున్నాయి, ఎన్నేళ్ళుగానో పైకెత్తి ఉంచిన బరువు పక్కన పెట్టినట్టు. బహుశా నాకు అలా కనబడిందేమో.

బెన్నీ వెళ్ళి ఆయన ఎదురుగా గొంతుకూర్చున్నాడు, కొత్త ప్యాంటు నూనెలో ఆనిందని చూసుకోలేదు. “మావయ్యగారూ,” అన్నాడు, ప్రతి అక్షరం విడిచి విడిచి, చిన్నపిల్లలకి చెప్పినట్టు, నాన్నకి నవ్వొచ్చింది. “అంత నెమ్మదిగా అక్కర్లేదు బాబూ,” అన్నాడు. “ఎదురుగా ఉంటే చాలు.” తర్వాత లేచాడు, మోకాళ్ళు పట్టుకుని, స్క్రూడ్రైవరు గూట్లో పెట్టి, నా వైపు తిరిగి పెద్ద గొంతుతో, వంటింట్లో ఉన్న అమ్మకి కూడా వినబడేలా చెప్పాడు:

“రేపు పొద్దున్న ఎనిమిదింటికి అమలాపురం వెళ్తున్నాం, చెవుల డాక్టరు దగ్గరికి. అల్లుడుగారు స్కూటరు తోల్తారు, నేను వెనకాల కూచుంటాను. నువ్వు ఇక్కడుండి మంచి అట్ట చూసి ప్యాకింగు కొయ్యి, కార్బురేటరు బిగించి నువ్వే ట్యూనింగు చెయ్యి, మేం వచ్చేసరికి బండి పలకాలి. నువ్వు మాత్రం రావద్దమ్మా. నువ్వొస్తే డాక్టరు అడిగినవన్నీ నువ్వే వినేస్తావు.”